లెప్టోకొరైసా ప్రజాతి: వర్గీకరణ, గోదావరి డెల్టాలో ఉనికి

వరి రైతులు కంపు నల్లి అని పిలిచే కీటకం హెమిప్టెరా క్రమంలోని అలిడిడే కుటుంబానికి, లెప్టోకొరైసా ప్రజాతికి చెందినది. 1829లో లాట్రెయ్ స్థాపించిన ఈ ప్రజాతి దక్షిణాసియా నుండి ఆస్ట్రేలియా వరకు వ్యాపించి ఉంది. భారతదేశపు వరిచేలలో ప్రధానంగా రెండు జాతులు కనిపిస్తాయి: థన్‌బర్గ్ 1783లో వర్ణించిన అక్యూటా, ఫాబ్రిసియస్ 1794లో వర్ణించిన ఒరటోరియస్. సన్నని దేహం, పొడవాటి కాళ్లు గల ఈ రెండూ పైచూపునకు ఒక్కటిగానే తోస్తాయి. ఉదరం అడుగున ఇరుపక్కలా గోధుమవర్ణపు మచ్చలు ఒరటోరియస్‌కు ఉంటాయి; అక్యూటాకు ఉండవు. పాత గ్రంథాలలోని వారికార్నిస్ అనే నామం అక్యూటాకు పర్యాయపదమే.

ధవళేశ్వరం ఆనకట్ట నీటితో సార్వా, దాళ్వా పండే డెల్టాలో ఈ నల్లికి పాలు పోసుకునే కంకులు ఏటా రెండుమార్లు లభిస్తాయి. పంట లేనప్పుడు గట్లమీది ఊద వంటి గడ్డిజాతులు ఆశ్రయమిస్తాయి. పిల్ల, తల్లి పురుగులు గింజలోని పాలను పీల్చగా కొన్ని తాలుగా మారతాయి, కొన్ని మచ్చలు పడి ధర కోల్పోతాయి. చుట్టుపక్కల చేలకంటే ముందుగానో ఆలస్యంగానో ఈనిన చేనిపై ఇవి గుమిగూడుతాయి.

కనుక ఉదరపు అడుగుభాగాన్ని పరిశీలించకుండా కేవలం కంపు నల్లి అని నమోదు చేస్తే, ఏ జాతి ఏ పంటకాలంలో ప్రబలుతున్నదో తేలదు. నమూనాలను భద్రపరచి జాతిని నిర్ధారించడమే విశ్వసనీయమైన వ్యాప్తి పటానికి తొలి మెట్టు.