చేనేత చీరల ఆన్‌లైన్ వ్యాపారం: నీతి, అభిరుచి, లాభాల సమన్వయం

వ్యాససంగ్రహం:
చిన్న పెట్టుబడితో ఇంటి నుంచే అంతర్జాల వ్యాపారం ప్రారంభించేవారి సంఖ్య నేడు పెరుగుతోంది. తెలుగు ప్రాంతాల్లో ఇలాంటివారు తరచుగా ఎంచుకునే సరుకుల్లో చేనేత చీర ఒకటి. ఇష్టంతో మొదలైన ఈ వ్యాపారంలో కొద్దికాలానికే మూడు ప్రశ్నలు ఎదురవుతాయి: నేతకారుడికి ఎంత ఇవ్వాలి? కొనుగోలుదారుకు ఏమి చెప్పాలి? తనకు ఎంత మిగలాలి? ఈ ప్రశ్నలను పోచంపల్లి ఇక్కత్ చీర ఉదాహరణగా పరిశీలించి, నీతి, అభిరుచి, లాభం అనే మూడింటినీ ఒకే లెక్కలోకి తేవడం ఎలాగో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చేనేత, ఇక్కత్, త్రివర్గం, ఆన్‌లైన్ వ్యాపారం, వ్యాపారనీతి, భౌగోళిక గుర్తింపు, వినియోగదారు రక్షణ.

1. ఉపోద్ఘాతం:

ఒకప్పుడు బట్టల దుకాణం పెట్టాలంటే బజారులో కొట్టు, అడ్వాన్సు, గుమాస్తా, నిండుగా సరుకు కావలసి ఉండేది. ఇప్పుడు ఇంట్లో ఒక బీరువా, చేతిలో ఒక ఫోను, పది చీరలు కొనగల సొమ్ము ఉంటే చాలు. ఫొటోలు తీసి వాట్సాప్ బృందాల్లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెడితే హైదరాబాదులో ఉన్నవారే కాక అమెరికాలో స్థిరపడిన తెలుగువారు కూడా కొనుగోలుదారులవుతారు. ప్రవేశం ఇంత సులభం కావడం మంచిదే. అయితే బజారులో కొనుగోలుదారు చీరను చేత్తో పట్టి, తిరగేసి, పోగు లాగి చూసుకునేవాడు. అంతర్జాలంలో అతనికి కనిపించేవి ఫొటో, దాని కింద రాసిన నాలుగు మాటలు మాత్రమే. సరుకు గురించి అమ్మేవారికి తెలిసినదానికీ కొనేవారికి తెలిసినదానికీ మధ్య దూరం ఇక్కడ పెరిగింది. ఆన్‌లైన్ వ్యాపారంలో నీతి ప్రశ్నలు ఎక్కువగా ఈ దూరం నుంచే పుడుతున్నాయి.

2. త్రివర్గ దృష్టి:

నీతి, లాభం, అభిరుచి అనే మాటలు కొత్తగా వినిపించినా, వీటి మధ్య పొత్తు ఎలా కుదురుతుందన్న ఆలోచన మనకు కొత్తది కాదు. ధర్మం, అర్థం, కామం అనే త్రివర్గం ఈ మూడింటికీ దగ్గరి పేర్లే. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో త్రివర్గాన్ని సమంగా సేవించాలని, వాటిలో ఏ ఒక్కదాన్ని అతిగా సేవించినా అది తననూ మిగిలిన రెండింటినీ బాధిస్తుందని చెప్పాడు. వెంటనే, మూడింటిలో అర్థమే ప్రధానమని తన అభిప్రాయాన్ని కూడా జోడించాడు. అదే గ్రంథంలో వర్తకుల లాభానికి హద్దు కూడా కనిపిస్తుంది: స్వదేశీ సరుకుపై నూటికి 5, పరదేశీ సరుకుపై నూటికి 10. అంటే అర్థానికి పెద్దపీట వేసినవాడే లాభానికి గీత కూడా గీశాడు. లాభం లేకుండా వ్యాపారం నిలవదు. గీత లేకుండా లాభం నిలవదు. ఈ రెండు వాక్యాలనూ కలిపి అర్థం చేసుకోవడమే ఈ చర్చకు ఆధారం.

3. అభిరుచి - దాని బలం, దాని హద్దు:

పోచంపల్లి ఇక్కత్‌లో రంగు నేసిన బట్ట మీద వేసేది కాదు. నేతకు ముందే నూలును లెక్క ప్రకారం చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి మరో రంగులో ముంచుతారు. పడుగులోనో పేకలోనో, కొన్ని రకాల్లో రెండింటిలోనో ఇలా ముందే దాగిన బొమ్మ మగ్గం మీద తేలుతుంది. ఈ పని తెలిసినవారికి చీర మీద ప్రేమ కలగడం సహజం. ఆ ప్రేమ వ్యాపారానికి పెట్టుబడి. ఏ రంగు ఎందుకు అలా వచ్చిందో చెప్పగలిగిన అమ్మకందారు మాటను కొనుగోలుదారు నమ్ముతాడు.

ఈ రంగంలో అభిరుచి ఉపయోగంగా మారిన ఉదాహరణ కూడా ఉంది. ఇక్కత్ నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోయడంలో స్త్రీలు ఒక్కో చీరకు వేలసార్లు చేయి కదపవలసి వచ్చేది. తన తల్లి పడే భుజాల నొప్పిని చూసిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించి, దానికి తల్లి పేరుమీద లక్ష్మీ ఆసుయంత్రమని పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆయన తపన తన ఇష్టం చుట్టూ కాక ఇంకొకరి కష్టం చుట్టూ తిరిగింది.

అభిరుచికి హద్దు కూడా ఉంది. తనకు నచ్చిన రంగులే కొని నిల్వ పెట్టుకోవడం, స్నేహితులకు ధర చెప్పడానికి మొహమాటపడటం, తన శ్రమకు విలువ కట్టకపోవడం కొత్తవారిలో తరచుగా కనిపించే లోపాలు. ఇష్టంతో చేసే పనికి లెక్క ఎందుకన్న ధోరణి ఆరు నెలలు నడుస్తుంది. తరువాత అప్పు మిగులుతుంది. ఆ అప్పు భారం మొదట పడేది నేతకారుడి బకాయి మీదే. కాబట్టి లెక్క రాసుకోకపోవడం కూడా నీతికి సంబంధించిన లోపమే.

4. లాభం - ఒక ఊహాత్మక లెక్క:

విషయం స్పష్టం కావడానికి ఒక ఊహాత్మక లెక్కను చూద్దాం. ఇందులో పన్నులను కలపలేదు. ఒక చీరను నేతకారుడి వద్ద 4,000 రూపాయలకు కొని 5,200కు అమ్ముతున్నామనుకుందాం. పైకి చూస్తే చీరకు 1,200 మిగిలినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు పది చీరలు పంపితే ఒకటి వాపసు వచ్చిందనుకుందాం.

• తొమ్మిది చీరల అమ్మకం: 46,800
• తొమ్మిది చీరల కొనుగోలు ధర (వాపసు వచ్చినది నిల్వలో చేరుతుంది): 36,000
• ప్యాకింగ్, కొరియర్ ఒక్కోసారికి 180 చొప్పున, వాపసుతో కలిపి 11 సార్లు: 1,980
• చెల్లింపు రుసుము 2 శాతం: 936
• ప్రకటనలు చీరకు 300 చొప్పున: 3,000
• ఫొటోలు చీరకు 100 చొప్పున: 1,000

మొత్తం ఖర్చు 42,916. మిగిలేది 3,884. అంటే అమ్మిన చీరకు సుమారు 430 రూపాయలు మాత్రమే. ఫొటో తీయడం, ప్రశ్నలకు జవాబులివ్వడం, ప్యాక్ చేయడం కలిపి చీరకు రెండు గంటలు పట్టిందనుకుంటే, ఇరవై గంటల శ్రమకు గంటకు 194 రూపాయలు దక్కుతాయి.

ఇక్కడే ప్రలోభం మొదలవుతుంది. నేతకారుడికి ఇచ్చేదానిలో చీరకు 400 తగ్గిస్తే అదనంగా 3,600 వచ్చి మిగులు దాదాపు రెట్టింపవుతుంది. మరమగ్గం మీద నేసి, ఇక్కత్ బొమ్మ అచ్చువేసిన చౌక చీరను తెచ్చి "చేనేత" అని రాస్తే మిగులు ఇంకా పెరుగుతుంది. కొనుగోలుదారుకు వెంటనే తెలియదు. అవినీతికి పాల్పడేవారంతా దుర్మార్గులే కానవసరం లేదు. చాలామంది ఈ 430 రూపాయల ఒత్తిడిలో మెల్లగా అటు జారినవారే.

ఇదే లెక్కను మరో వైపు నుంచి చూద్దాం. పగటి వెలుతురులో తీసిన నిజమైన ఫొటోలు, చీర వెనుకవైపు ఫొటో, రంగులో ఉండగల స్వల్ప తేడా గురించి ఒక వాక్యం పెట్టడం వల్ల ఆ ఒక్క వాపసు ఆగిందనుకుందాం. అప్పుడు పది చీరల అమ్మకం 52,000, ఖర్చు 46,840, మిగులు 5,160. నిజం చెప్పడం వల్ల వచ్చిన అదనం 1,276 రూపాయలు. నేతకారుడికి నెల ముందే మొత్తం 40,000 చెల్లించడానికి నూటికి రూపాయిన్నర వడ్డీకి అప్పు తెచ్చినా ఆ భారం 600 మాత్రమే. అది పోగా 4,560 మిగులుతుంది. మొదటి లెక్క కంటే ఇది ఎక్కువే. నీతి ప్రతిసారీ లాభం తెస్తుందని ఈ లెక్క నిరూపించదు. నీతికి ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఎక్కడి నుంచి రాబట్టవచ్చో మాత్రం చూపుతుంది.

5. నీతి - ఇరుపక్కలా:

5.1 నేతకారుడి పట్ల:
2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులున్నారు. వారి కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతుల నెలసరి ఆదాయం 5,000 రూపాయల లోపే. ఈ నేపథ్యంలో చీరకు 400 తగ్గించడమంటే నేత ఇంట్లో బియ్యం ఖర్చును తగ్గించడమే. బేరం ఆడకూడదని దీని అర్థం కాదు. అమ్ముడుపోతేనే డబ్బిస్తానని సరుకు తెచ్చుకుని నెలల తరబడి తిప్పడం, మగ్గం మీద పని సగమయ్యాక ఆర్డరు వద్దనడం, ఒకరు వేసిన కొత్త నమూనాను ఫొటో తీసి మరొకరిచేత చౌకగా నేయించడం మాత్రం బేరం హద్దు దాటిన పనులు. వీటిలో అమ్మకందారు తన వ్యాపారంలోని నష్టభయాన్ని తనకంటే బలహీనుడి మీదికి నెడుతున్నాడు.

5.2 కొనుగోలుదారు పట్ల:
అసలైన ఇక్కత్‌లో నూలుకే రంగు పట్టి ఉంటుంది కాబట్టి బొమ్మ రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, అంచుల్లో కొంచెం చెదిరినట్టు ఉంటుంది. అచ్చు వేసినదానిలో సాధారణంగా వెనుకవైపు రంగు పలచబడుతుంది. ఈ భేదాన్ని కొనుగోలుదారుకు నేర్పే అమ్మకందారు తనను పరీక్షించే సాధనాన్ని తానే అతని చేతికిస్తున్నాడు. నమ్మకానికి ఇంతకంటే గట్టి పునాది లేదు. మరమగ్గం చీర అమ్మడం తప్పు కాదు. అందరూ చేనేత కొనలేరు. మరమగ్గం చీరను మరమగ్గం చీరగానే చెప్పి అమ్మడమే నీతి.

6. చట్టం గీసిన గీత:

నీతిలో కొంతభాగాన్ని చట్టం స్వీకరించింది. కొత్తగా వ్యాపారం ప్రారంభించేవారు వీటిని ముందే తెలుసుకోవడం అవసరం.

• వస్తువుల భౌగోళిక గుర్తింపు చట్టం, 1999 కింద పోచంపల్లి ఇక్కత్‌కు గుర్తింపు ఉంది. ఆ పేరును అబద్ధంగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే నిబంధన ఆ చట్టంలో ఉంది.
• 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించింది. చేనేత అని ధ్రువపరచడానికి 2006లో హ్యాండ్లూమ్ మార్క్ వచ్చింది. స్వచ్ఛమైన పట్టుకు సిల్క్ మార్క్ ఉంది.
• 2020 వినియోగదారు రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం సరుకు లోపభూయిష్ఠమైనా, నకిలీ అయినా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మకందారు దాన్ని వెనక్కు తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించరాదు. "వాపసు లేదు" అని పేజీలో రాసుకున్నంత మాత్రాన ఈ బాధ్యత తొలగిపోదు. తానే కొనుగోలుదారునంటూ తన సరుకుపై సమీక్షలు రాసుకోవడాన్ని కూడా ఈ నియమాలు నిషేధించాయి.
• 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారు రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు 13 రకాల మోసపూరిత నమూనాలను గుర్తించాయి. బీరువాలో పది చీరలుండగా "ఒక్కటే మిగిలింది" అని తొందరపెట్టడం, చివరి మెట్టులో దాచిన రుసుములు చేర్చడం వీటిలోకి వస్తాయి.

అయినా చట్టం చెప్పేది కనీస హద్దు మాత్రమే. నేతకారుడికి ఎన్ని రోజుల్లో డబ్బివ్వాలి, అతని నమూనాకు అతని పేరు చెప్పాలా వద్దా అన్నవి చాలావరకు అమ్మకందారు మనస్సాక్షికే మిగిలాయి.

7. సమన్వయ మార్గాలు:

ఈ చర్చ నుంచి ఆచరణకు పనికివచ్చే కొన్ని సూత్రాలను గ్రహించవచ్చు.

1. ధరను కింది నుంచి కట్టాలి. మొదట నేతకారుడి మజూరీ, నూలు, రంగుల ఖర్చు, తరువాత అమ్మకపు ఖర్చులు, తరువాత తన శ్రమ విలువ చేర్చాలి. బజారు ధర చూసి పైనుంచి కోసుకుంటూ వస్తే కోత చివరికి మజూరీ దగ్గరే ఆగుతుంది.
2. లాభం చాలకపోతే ముందుగా వాపసులు, ప్రకటనల ఖర్చు తగ్గించాలి. మళ్లీ వచ్చే కొనుగోలుదారుకు ప్రకటన ఖర్చు ఉండదు. అతన్ని మళ్లీ రప్పించేది చెప్పిన మాట నిలబెట్టుకోవడమే.
3. ఆలస్యాన్ని దాచకూడదు. ఇక్కత్ చీర అడిగిన మర్నాడే తయారు కాదు. పండుగకు అందదని ముందే చెబితే ఒక అమ్మకం పోవచ్చు, నమ్మకం పోదు. అబద్ధపు తేదీ చెబితే ఆ ఒత్తిడి రాత్రివేళ మగ్గం దగ్గర కూర్చున్నవారి నడుము మీద పడుతుంది.
4. అభిరుచికి హద్దు కట్టాలి. పెట్టుబడిలో ఒక చిన్న భాగాన్ని మాత్రమే తనకు నచ్చిన ప్రయోగాలకు కేటాయించి, మిగిలినదాన్ని అడిగే సరుకుకు ఉంచాలి.
5. చేయని పనుల జాబితా ముందే రాసుకోవాలి. డబ్బుకు ఇబ్బంది లేని రోజున తీసుకున్న నిర్ణయం ఇబ్బందిరోజున కాపాడుతుంది.

8. ముగింపు:

నీతి, అభిరుచి, లాభం ఒకదానికొకటి శత్రువులు కావు, సహజ మిత్రులూ కావు. లెక్క రాసుకుంటేనే వాటి మధ్య పొత్తు నిలుస్తుంది. పై ఉదాహరణలో అమ్మకందారుకు దక్కే 430 రూపాయలను పెంచుకోవడానికి రెండు దారులు కనిపించాయి. ఒకటి నేతకారుడి నుంచి, కొనుగోలుదారు నుంచి తీసుకునే దారి. మరొకటి వృథాను, అపనమ్మకాన్ని తగ్గించుకునే దారి. మొదటిది త్వరగా ఫలితమిస్తుంది. అయితే మజూరీ గిట్టక మగ్గం దించిన ఇంటి నుంచి మళ్లీ చీర రాదు, మోసపోయిన కొనుగోలుదారు నుంచి మళ్లీ ఆర్డరు రాదు. రెండోది నిదానంగా నడుస్తుంది, కాని సరుకునూ కొనేవారినీ రెండింటినీ నిలుపుతుంది. ఇష్టపడి చేపట్టిన పని పదేళ్ల తరువాత కూడా ఇష్టంగా సాగాలనుకునేవారికి రెండో దారే శ్రేయస్కరం.