కడుపునొప్పి శుక్రవారమే ఎందుకొస్తోంది?

పోచంపాడ్ నుంచి ఒక తల్లి తన కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పిల్లవాడికి పన్నెండేళ్ళు. ఏడో తరగతి చదువుతున్నాడు. కాస్త బక్కగా వున్నాడే గానీ మొహంలో రోగం కళ లేదు.

"మూడు నెలల సంది కడుపుల నొస్తుందంటడు సారూ. బొడ్డు చుట్టూత పట్టుకొని ముడుచుకుంటడు. ఒక్కోసారి కక్కుతడు గూడ. ఆర్మూరుల ఇద్దరికి చూపించినం. స్కానింగ్ తీసిన్రు. ఏం లేదంటున్రు. ఏం లేకుంటే మరెందుకు నొస్తది?"

న్యాయమైన ప్రశ్నే! ఈ ప్రశ్నకి మా డాక్టర్లలో చాలామంది చెప్పే జవాబు "నాటకాలు వేస్తున్నాడమ్మా, రెండు తగిలించండి" అని. అంతకన్న అన్యాయం మరొకటి లేదు.

కాగితాలన్నీ చూశాను. రక్తం, మూత్రం, విరేచనం పరీక్షల్లో తప్పు లేదు. నులిపురుగుల మందు ఫిబ్రవరిలో బళ్ళోనే మింగించారు. పొట్ట నొక్కి చూస్తే మెత్తగా వుంది. బరువు తగ్గలేదు. రాత్రిపూట నొప్పితో లేవడం లేదు. అప్పుడు అసలు అడగవలసిన ప్రశ్న అడిగాను.

"నొప్పి ఏ రోజు వస్తుంది?"

సోమవారం పొద్దున అని చెబుతారనుకున్నాను. బడి ఎగ్గొట్టాలనుకునే పిల్లలకి సాధారణంగా ఆ రోజే వస్తుంది. తల్లి కాసేపు ఆలోచించింది. "శుక్రవారం సారూ. బడికి పోయి మంచిగనే వస్తడు. పొద్దుగూకంగ మొదలైతది."

శుక్రవారం సాయంత్రం ఏముంది? ఆ పిల్లవాడి తండ్రి బోధన్‌లో, శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పని చేసేవాడు. నిజాం కాలంలో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఈ జిల్లాలో బతుకుతెరువు దొరకని మగవాళ్ళు ఎక్కడికి పోతారో అందరికీ తెలిసిందే. ఆయన కూడా సౌదీ వెళ్ళాడు. భార్య పిల్లవాడితో పుట్టింటికి, పోచంపాడ్ వచ్చేసింది. సౌదీలో శుక్రవారం సెలవు. ఆయన మధ్యాహ్నం అన్నం తిని ఫోన్ చేసే సమయానికి మనకి సాయంత్రమవుతుంది. వీడియోలో కొడుకు మొహం కనపడగానే అడిగే మొదటి మాట, "ఈ వారం ఎన్నొచ్చినయి?" 

బళ్ళో ప్రతి బుధవారం స్లిప్ టెస్టు పెడతారు. గురువారం ర్యాంకులు గోడకి అంటిస్తారు. అంటే గురువారం నుంచి శుక్రవారం దాకా ఆ పిల్లవాడి పొట్ట ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తూ వుంటుందన్నమాట!

నొప్పి నిజమా, నటనా?

నిజమే. నూటికి నూరుపాళ్ళూ నిజం. మన పేగుల చుట్టూ సొంతంగా ఒక నాడీమండలం వుంది. అది మెదడుతో నిరంతరం మాట్లాడుతూనే వుంటుంది. భయం వేసినప్పుడు మెదడు పంపే సంకేతాలకి పేగుల కదలికలు మారిపోతాయి. కొందరిలో బిగుసుకుంటాయి, కొందరిలో పరుగులు తీస్తాయి. మామూలుగా మనకి తెలియని చిన్నపాటి కదలిక కూడా ఆ సమయంలో నొప్పిగా తెలుస్తుంది. పెళ్ళిచూపులనాడు మీకు కడుపులో దేవినట్టు అనిపించిందా, లేదా? అది నటనా మరి?

1958లో ఆప్లీ, నైష్ అనే ఇద్దరు వైద్యులు ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో వెయ్యిమంది బడిపిల్లల్ని పరిశీలిస్తే, సుమారు పదిమందిలో ఒకరికి ఇలా వచ్చిపోయే కడుపునొప్పి వుందని తేలింది. నొప్పి బొడ్డుకి ఎంత దూరంగా వుంటే లోపల జబ్బు వుండే అవకాశం అంత ఎక్కువని ఆప్లీ చెప్పిన సూత్రాన్ని పిల్లల వైద్యులు ఇప్పటికీ గుర్తుపెట్టుకుంటారు.

అలాగని ప్రతి కడుపునొప్పినీ మనసు మీదకి తోసెయ్యకండి. బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా, నొప్పికి నిద్రలో మెలకువ వస్తున్నా, కుడివైపు కింద నొప్పి వున్నా, జ్వరం, ఆగని వాంతులు, మూత్రంలో మంట వున్నా వెంటనే చూపించాలి. ఇంకొకటి. మన బళ్ళలో మరుగుదొడ్లు చూసి భయపడి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగరు. దానివల్ల మలబద్ధకం, మూత్రంలో మంట. పైగా పొద్దున ఏమీ తినకుండా పరుగు. వీటికి మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదు, ఒక చెంబెడు నీళ్ళు, రెండు ఇడ్లీలు చాలు.

వాడు చెప్పిన మాట

తల్లిని కాసేపు బయట కూర్చోమని పిల్లవాడితో మాట్లాడాను. మొదట నేనూ తప్పే చేశాను. అలవాటు కొద్దీ "క్లాసులో నీ ర్యాంకెంతరా?" అన్నాను. వాడి చెయ్యి పొట్ట మీదికి పోయింది! పాతికేళ్ళుగా నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లవాడినీ నేను మొదట అడుగుతున్నది ఇదేనని అప్పుడు తెలిసొచ్చింది. పెద్దవాళ్ళకి పిల్లలతో మాట్లాడ్డానికి ఇంకో మాట లేకుండా పోయింది కాబోలు.

తరవాత నెమ్మదిగా చెప్పాడు. వాడికి ఎప్పుడూ రెండో ర్యాంకో మూడో ర్యాంకో వచ్చేది. వాడి పక్కన కూర్చునే పిల్లవాడు సైకిల్ మీదనుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు వేశారు. రాయలేడు. మనవాడు రోజూ బడి అయ్యాక వాడింటికి పోయి, అన్ని సబ్జెక్టుల నోట్సులూ వాడి పుస్తకంలో రాసిపెట్టి, చీకటిపడ్డాక ఇంటికి వచ్చేవాడు. తనది చదువుకోడానికి టైము మిగిలేది కాదు. ర్యాంకు తొమ్మిదికి పడిపోయింది. ఫోన్లో తండ్రి కేకలు. పక్కన తల్లి కన్నీళ్ళు. "ఆటలకి తిరుగుతున్నడు" అని ఇద్దరూ తీర్మానించేశారు.

తల్లిని లోపలికి పిలిచి పిల్లవాడి చేతనే ఆ మాట చెప్పించాను. ఆవిడ నోట మాట రాలేదు. "మరి నాకెందుకు చెప్పలేదురా బిడ్డా?" అంది చివరికి.

"నువ్వు అడగలే. మార్కులే అడిగినవ్" అన్నాడు వాడు. కోపంగా కూడా అనలేదు.

మంచితనం కూడు పెడుతుందా?

ఈ ప్రశ్న మీరు వెయ్యకముందే ఆ తల్లి వేసింది. "సారూ, ఆయన చదువుకోలేదు కాబట్టే ఫ్యాక్టరీ మూతపడంగనే రోడ్డున పడ్డం. వీడు గూడ గట్లనే గావద్దని ఆయన బాధ." ఆ బాధని నేను తేలిగ్గా తీసుకోను. మన జిల్లాలో పదేళ్ళ పిల్లవాడు కూడా నవోదయ పరీక్షకో, గురుకులం పరీక్షకో కుస్తీ పడుతున్నాడు. నవోదయలో ఆరో తరగతికి ఒక బడికి ఎనభై సీట్లకి మించి వుండవు. పోటీ లేదని ఎవరంటారు? పైగా "పాకాల గ్రామం పిల్ల మలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది, నువ్వు లెక్కల్లో నూరు తెచ్చుకోలేవా?" అని పోలిక! 2014 మేలో పూర్ణతోపాటు ఆనంద్ కుమార్ అనే ఖమ్మం జిల్లా కుర్రవాడు కూడా ఎక్కాడన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

చదవొద్దని నేననడం లేదు. సునియా లూథర్ అని మన దేశంలోనే పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త వుండేవారు. 2023లో పోయారు. ఆవిడ, చికోలా అనే మరో పరిశోధకురాలు కలిసి ఆరో తరగతి పిల్లలు 506 మందిని ఒక విషయం అడిగారు. ఆరు అంశాలిచ్చి, మీ అమ్మానాన్నలు మీలో దేనికి ఎక్కువ విలువ ఇస్తారో వరస పెట్టమన్నారు. వాటిలో మూడు మార్కులూ, పైకి రావడమూ వంటివి. మూడు ఇతరుల పట్ల దయ, మర్యాద వంటివి. మంచితనానికి సమానంగానైనా, ఎక్కువగానైనా విలువ ఇస్తారనుకున్న పిల్లలు బాగానే వున్నారు. దిగులు, ఆందోళన, ఆత్మవిశ్వాసం లేకపోవడం, చివరికి తక్కువ మార్కులు కూడా, అమ్మానాన్నలకి మార్కులే ముఖ్యం అనుకున్న పిల్లల్లోనే ఎక్కువగా కనిపించాయి. అవి కలిగినవాళ్ళుండే చోట బళ్ళు, నిజమే. కానీ భయపడే పేగుకి అమెరికా, ఆర్మూరు తేడా వుందంటారా?

ఇక్కడ ఒక కిటుకు వుంది. ఆ పరిశోధనలో తల్లిదండ్రుల్ని అడగలేదు. పిల్లలేమనుకుంటున్నారో అడిగారు. "మాకు వాడు మంచివాడైతే చాలండీ" అని మీరు నాతో అనవచ్చు. మీ పిల్లవాడికి ఆ సంగతి తెలుసా?

ఇటలీలో కప్రారా అనే శాస్త్రవేత్త బృందం మూడో తరగతి పిల్లల్ని ఎంచుకుని, వాళ్ళు తోటివాళ్ళకి ఎంత సాయపడతారో, ఎంత పంచుకుంటారో లెక్కగట్టింది. అయిదేళ్ళ తరవాత, ఎనిమిదో తరగతిలో చూస్తే, చిన్నప్పటి మార్కులకన్న చిన్నప్పటి మంచితనమే ఆనాటి చదువుని బాగా సూచించింది. 2000లో ప్రచురించారు. దీనివల్లే అది వచ్చిందని ఖాయంగా చెప్పలేము గానీ, సాయం చేస్తే వెనకబడతాడన్న భయం మాత్రం అక్కర్లేదు. స్నేహితులున్న పిల్లవాడు తెలియనిది అడిగి తెలుసుకుంటాడు. బడికి పోవడమంటే వాడికి బెరుకుండదు.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి?

ఆ తల్లికి చెప్పినవే మీకూ చెబుతాను. బడి నుంచి రాగానే మొదటి పది నిమిషాలు మార్కుల మాట ఎత్తకండి. "ఇవాళ ఎవరితో కూర్చున్నావు? ఎవరైనా ఏడ్చారా? నీకెవరైనా సాయం చేశారా?" అని అడగండి. మొదట్లో "ఏం లేదు" అంటాడు. వారం పది రోజులు పడుతుంది. మంచిపని చేసినప్పుడు డబ్బులో, చాక్లెట్లో ఇవ్వకండి. ఇరవై నెలల పసిపిల్లల మీద 2008లో చేసిన ప్రయోగంలోనే, బహుమతి ఇచ్చిన పిల్లలు తరవాత సాయం చెయ్యడం తగ్గించారు. చూశానని చెబితే చాలు. పన్నెండేళ్ళలోపు బడిపిల్లలకి తొమ్మిది గంటలకి తక్కువ కాకుండా నిద్ర వుండాలి. పదకొండింటిదాకా కూర్చోబెట్టి చదివిస్తే మర్నాడు తలకెక్కేదేమీ వుండదు.

ఒక హెచ్చరిక. మంచితనం వేరు, భయపడి లొంగడం వేరు. మీవాడు బెదిరింపుకి జడిసి ఎవరి హోంవర్కో రాస్తున్నాడేమో, టిఫిన్ డబ్బా ఇచ్చేస్తున్నాడేమో కనిపెట్టండి. కాదనడం కూడా నేర్పాలి.

ఇంకొక మాట, ఇది నాకు రాయాలని లేదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలంగాణలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పిల్లలు "నేను లేకపోతే నయం" వంటి మాట అన్నా, తిండీ నిద్రా మానేసి ఒంటరిగా కూర్చుంటున్నా, మాటవరసకి అన్నాడులే అనుకోకండి. దగ్గర కూర్చుని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. టెలి మానస్ ఫోన్ నంబరు 14416కి ఏ వేళనైనా చెయ్యవచ్చు, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

పోచంపాడ్ పిల్లవాడికి నేను మందేమీ రాయలేదు. తండ్రితో ఆ శుక్రవారం నేనే మాట్లాడాను. ఆయన చాలాసేపు పలకలేదు. "గది నాకు తెల్వదు సార్" అన్నాడు. తరవాతి వారం నుంచి ఫోన్లో మొదట చెయ్యి విరిగిన పిల్లవాడి కబురు అడిగేవాడట. మార్కులు కూడా అడుగుతాడు, తండ్రి కదా!

మొన్న అమ్మమ్మకి బి.పి. చూపించడానికి వాడే తీసుకొచ్చాడు. కడుపునొప్పి ఎలా వుందని అడిగాను.

"అప్పుడప్పుడు వస్తది సార్. పోతది" అని, ముసలావిడ చెప్పులు వెతకడానికి బయటికి పోయాడు.