మతం పేరుగా మారిన భాష: మారిషస్ తెలుగువారు

ధర్మపురి జిల్లా తొప్పూరు పరిసరాల్లో ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. “మీరెవరు?” అంటే “తెలుగువాళ్లం” అంటారు. “మీ మతమేమి?” అన్నప్పుడు మాత్రం ఆ మాట రాదు. మారియమ్మ పండుగ వారికీ పొరుగు తమిళులకూ ఒకటే. వారిని వేరుగా చూపేది ఇంటిభాష. మారిషస్ ద్వీపంలో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడి జనాభా లెక్కల్లో మతమేదన్న ప్రశ్నకు “తెలుగు” అని జవాబిచ్చేవారున్నారు. భాష పేరు మతం పేరెట్లా అయింది?

1835లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు భారతీయ కూలీలను ఒప్పందంపై పెద్దయెత్తున తరలించారు. వారిలో భోజ్‌పురి మాట్లాడేవారు అధికులు; కోరంగి, విశాఖపట్నం తీరాలనుంచి వెళ్లిన తెలుగువారు కొద్దిమంది. తోటలో భోజ్‌పురి, క్రియోల్ అవసరమయ్యాయి. తరాలు గడిచేకొద్దీ చాలా ఇళ్లలో క్రియోలే మాతృభాష అయింది. తెలుగుకు మిగిలిన చోటు గుడి: రామభజనం, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ. 1947లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ ఈ ఆచారాలకు సంస్థారూపమిచ్చింది.

రాజ్యవ్యవస్థ కూడా ఈ మార్పుకు తోడ్పడింది. 1968లో స్వాతంత్ర్యంతో వచ్చిన రాజ్యాంగం శాసనసభలో అదనపు స్థానాల కోసం ప్రజలను హిందువులు, ముస్లిములు, చీనీయులు, తక్కినవారు అని నాలుగు వర్గాలు చేసింది. ఈ లెక్కలో తెలుగువారు ప్రత్యేకంగా కనిపించరు. సెలవుల పట్టికలో మాత్రం శివరాత్రి, తమిళుల కావడి, మరాఠీల వినాయక చవితి, తెలుగువారి ఉగాది వేరువేరుగా ఉన్నాయి. మతసంస్థలకు ప్రభుత్వ సహాయధనం కూడా అందుతుంది. వేరుగా గుర్తింపు పొందడానికి మతమే దారి అయింది. తమిళులు, మరాఠీలు నడిచినదీ ఈ దారే.

దీనివల్ల మేలు జరిగింది. మాట్లాడని భాష కూడా పేరుగా నిలిచింది, బడిలో ఐచ్ఛిక పాఠ్యాంశమైంది. నష్టమూ ఉంది. క్రైస్తవం స్వీకరించిన తెలుగు సంతతివాడికి ఆ పేరులో చోటు చిక్కదు. పూజకే పరిమితమైన భాషలో పిల్లలు పోట్లాడుకోరు, బేరమాడరు.

తొప్పూరులో ఈ రెండూ ఇంకా తెలుగులో సాగుతున్నాయి, లోటు అక్షరానిది. 2006 చట్టం తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి ప్రథమభాష చేశాక ఆ లోటు పెరిగింది. మారిషస్‌లో అక్షరానికి బడి ఉంది, మాటకు ఇల్లు లేదు. ఇక్కడ ఇల్లుంది, బడి తగ్గింది. భాష నిలవాలంటే రెండూ కావాలని ఈ రెండు ఊళ్ల అనుభవం చెబుతున్నది.