గినీపందులకు విశాలమైన గూడు: ఇంటనే నిర్మించు విధము

పిల్లలు గల యింట నొక చిన్న ప్రాణిని పెంచవలెనను ముచ్చట నేటిది కాదు. పూర్వము చిలుకను పంజరమున నుంచి పలుకులు నేర్పెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు చిలుకలను బంధించి పెంచుటను నిషేధించినది. నేటి పిల్లల చూపు చెన్నపట్నపు సంతలలో దొరకు గినీపందులపై బడుచున్నది. రంధ్రములు పొడిచిన అట్టపెట్టెను ఒడిలో బెట్టుకొని, గుమ్మిడిపూండి మార్గపు రైలులో వచ్చి ఆత్తిపట్టు స్టేషనులో దిగు బాలుని సంతోషము చెప్పనలవి కాదు. అయితే ఆ పెట్టెలోని ప్రాణి ఇక నైదాఱు సంవత్సరములు ఎక్కడ నివసింపవలెనను ప్రశ్న ఆ సాయంకాలమే తల యెత్తును. ఆ ప్రశ్నకు మాకు తెలిసిన సమాధానమును తల్లిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా మా తప్పు చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట ఒక విద్యార్థి తండ్రిగారు రెండు గినీపందులను బడికి బహూకరించిరి. మేము వానిని కోడిపిల్లలకై అమ్మెడి తీగబోనులో నుంచితిమి. దాని పొడవు అడుగున్నర, వెడల్పు ఒక అడుగు. అడుగుభాగము కూడ తీగయే. దానిని పెట్టిన వసారాకు ఱేకుల కప్పు. వేసవి సెలవులకు ముందటి వారమున, ఒక మధ్యాహ్నము, వానిలో నొకటి ప్రక్కకు వాలి, నోట చొల్లు కార్చుచు, ఎగరోజుచు, గంటలోపల చనిపోయినది. రెండవదానిని చేతికి తీసికొని చూడగా దాని పాదములు తీగకు ఒరసికొని పుండ్లు పడియున్నవి. అయిదవ తరగతి పిల్లలు “దానికి వచ్చిన జబ్బేమి?” అని యడిగిరి. జబ్బేమియు లేదనియు, మేమిచ్చిన యిల్లే దాని ప్రాణము తీసినదనియు చెప్పుటకు మాకు నోరాడలేదు. ఆ సెలవులలోనే మిగిలినదానికి వేరొక గూడు కట్టితిమి. దానికి మఱియొక తోడు తెచ్చితిమి. ఇచ్చట వ్రాయునది ఆ గూటి కొలతలే.

గూడు కట్టుటకు ముందు ప్రాణి స్వభావము నెఱుగవలెను. ఇది పందియు గాదు, గినీదేశమునకు చెందినదియు గాదు. ఎలుక, ఉడుతలవలె కొఱికెడి జాతిలోనిది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతపు ప్రజలు వేలకొలది యేండ్ల క్రిందటనే దీనిని మచ్చిక చేసి, ‘కూయ్’ అను పేరుతో పిలిచిరి. 16వ శతాబ్దమున ఇది ఐరోపా ఖండము చేరినది. 1882లో రాబర్టు కాక్ పండితుడు క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని నిరూపించుటలో ఈ జంతువుల నుపయోగించెను. 1907లో నార్వే దేశీయులైన హోల్‌స్ట్, ఫ్రోలిఖ్ అను శాస్త్రజ్ఞులు వీనికి ధాన్యాహారము మాత్రమే పెట్టగా స్కర్వీ వ్యాధి కలిగినది. పిమ్మట ‘సి’ విటమినును గుర్తించుటకు అది దారి చూపినది. మనవలెనే గినీపందియు ఈ విటమినును తన శరీరమున తయారు చేసికొనజాలదు. మానవులకు ఇంత ఉపకారము చేసిన జంతువునకు మనము కాళ్ళు చాచుకొను చోటైన ఈయకుండుట న్యాయము కాదు.

ఇది చెట్టెక్కునది కాదు, ఎత్తునకు గెంతునది కాదు, నేలపై పరుగెత్తునది. కావున దీనికి కావలసినది ఎత్తు గాదు, వైశాల్యము. ప్రయోగశాలలలో ఎదిగిన గినీపంది ఒక్కింటికి 101 చదరపు అంగుళములు కనీసమని అమెరికా దేశపు మార్గదర్శక గ్రంథము చెప్పుచున్నది. అది నేటి ఏ4 కాగితముకంటె కొంచెమే పెద్దది. ఇంట ప్రేమతో పెంచువారికి ఈ కొలత ప్రమాణము కారాదు. రెండు గినీపందులకు కనీసము 7½ చదరపు అడుగులు, వీలైనయెడల 10½ చదరపు అడుగులు ఉండవలెనని ఈ జంతువులను పెంచుటయం దనుభవము గలవారు చెప్పుదురు. మా పాత బోను వైశాల్యమెంతయని పిల్లలచేతనే లెక్క వేయించితిమి. ఒకటిన్నర చదరపు అడుగు. అనగా కనీసపు కొలతలో సరిగా నైదవ వంతు. ఆ లెక్కకు జవాబు పలకపై వ్రాసిన పిల్లలలో ఒక్కరును మాటలాడలేదు.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారిన 1960వ సంవత్సరముననే, జంతువులపై క్రూరత్వ నివారణ చట్టము వచ్చినది. కదలుటకు తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో జంతువును బంధించుట దాని 11వ విభాగము ప్రకారము నేరము. ఈ చట్టమునకు రాజ్యసభలో బీజము వేసినవారు కళాక్షేత్ర స్థాపకురాలైన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ గారు.

ఇక నిర్మాణము. బజారులో దొరకు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పలక ఒక్కటి చాలును. దానినుండి ముందుగా 5 అడుగుల పొడవు, 2½ అడుగుల వెడల్పు గల ముక్కను కోయవలెను. ఇది గూటి అడుగుభాగము. దాని ప్రక్కన మిగులు 5 అడుగుల పొడవు, 1½ అడుగు వెడల్పు గల ముక్క వెనుక గోడ యగును. ఇప్పుడు 3 అడుగులు, 4 అడుగులు గల ముక్క మిగిలియుండును. అందుండి 2½ అడుగులు, 1½ అడుగు కొలతతో రెండు ముక్కలు కోసినచో రెండు ప్రక్కగోడలు సిద్ధమగును. మిగిలిన అడుగు వెడల్పు పట్టీని అరయడుగు చొప్పున రెండుగా చీల్చి, ఒక్కొక్కటి 2½ అడుగులకు కోసి, ముందువైపున నడుమ నొక నిలువు కఱ్ఱనిచ్చి జతపఱచిన, గడ్డి బయట పడకుండ అడ్డుపలక యగును. రంపము తినునంత మాత్రము కొలతలు తగ్గును. అది లెక్కింప నక్కఱలేదు.

ముందుభాగమునకును, పైమూతకును కఱ్ఱ రీపర్లతో చట్రములు చేసి, వానికి అంగుళము మించని కన్నుల వెల్డుమెష్ కొట్టవలెను. ఇందుకు సుమారు 20 చదరపు అడుగుల మెష్ కావలెను. పాశ్చాత్యదేశములలో 14 అంగుళముల తీగపలకలను కూర్చి పైకప్పు లేని గూళ్ళు కట్టుదురు. మన యూళ్ళలో పిల్లి, కుక్క, పాము, పందికొక్కు తిరుగుచుండును గావున మూతయు, గొళ్ళెమును తప్పనిసరి. పలుచని కోళ్ళవల పందికొక్కు పంటికి నిలువదు. ఆత్తిపట్టుకు సముద్రపు ఉప్పుగాలి దగ్గఱ. జింకుపూత లేని ఇనుపతీగ త్వరలోనే తుప్పు పట్టును. లోపలి గోడలకు రంగు వేయరాదు, ఈ జంతువు కొఱికి మ్రింగును. అడుగుపలకపై లినోలియము పఱచి, దాని అంచులను గోడవెంట రీపర్ల క్రింద అదిమి కొట్టిన మూత్రము కఱ్ఱలోని కింకదు.

గూటికి అడుగున్నర ఎత్తు కాళ్ళుండవలెను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నాడు మన జిల్లాలోని పల్లపు వీధులలో నీరు నిలిచిన సంగతి పాఠకులు మఱచియుండరు. కాళ్ళ క్రింద నీటి పళ్ళెరములుంచిన, మన పెద్దలు బీరువా కాళ్ళకు చేసినట్లు, చీమలనుండియు రక్షణ కలుగును. ఆ నీటిని తఱచుగా మార్చవలెను. లేనిచో దోమలు పెరుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది వేడి. గినీపందికి 18 మొదలు 24 సెంటిగ్రేడు డిగ్రీల వఱకు హాయి. మన వేసవిలో, విశేషించి తిరుత్తణివైపున, 40 డిగ్రీలు దాటుట కలదు. కావున గూటిని ఱేకుల క్రింద గాని, పడమటి ఎండ తగులు గోడ ప్రక్కను గాని ఉంచరాదు. తాటాకు కప్పు గల వసారా మేలు. పగటి వేళ ఇంటిలోపలి చల్లని గది మఱింత మేలు. గాలి వచ్చు వైపున తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టవచ్చును. చొల్లు, ఎగరోజుట కనబడినచో వెంటనే నీడకు తెచ్చి, చెవులను, పాదములను చల్లని నీటితో తడిపి, పశువైద్యునికి చూపవలెను. మంచునీరు పోయరాదు. మాకు ఆనాడు ఈ సంగతి తెలిసియుండిన, ఒక ప్రాణము దక్కెడిదేమో.

లోపల ప్రతి జంతువునకు నొక దాగుచోటు కావలెను. ప్రక్కకు పరుండబెట్టిన మట్టికుండ, అడుగున మఱియొక రంధ్రము చేసి అంచులను నునుపు చేసినచో, చల్లని గృహమగును. రెండు ద్వారములున్న ఒకటి రెండవదానిని లోపల చిక్కించి బాధింపజాలదు. నేలపై ఉతికిన నూలుగుడ్డలు దట్టముగా పఱచి, ప్రతిదినము తడిసినవానిని మార్చవలెను. దుమ్ము లేచు రంపపుపొట్టు ఊపిరితిత్తులకు కీడు. పండ్లు జీవితాంతము పెరుగుచుండును గావున నమలుటకు ఎండుగడ్డి ఎల్లప్పుడు ఉండవలెను. గరిక శ్రేష్ఠము, వరిగడ్డిలో పోషకము తక్కువ, అది పడకకే తగినది. ‘సి’ విటమినుకై దినమును బుంగమిరప, కొత్తిమీర, చిన్న జామముక్క పెట్టవచ్చును. అన్నము, పాలు, ఉల్లి, తీపివస్తువులు కూడవు.

ఒంటరిగా నుంచుట దీనికి శిక్ష. రెండు ఆడువానిని పెంచుట సులభము. ఆడు, మగ కలసియున్న రెండు నెలల కొకసారి పిల్లలు పుట్టి, ఎంత పెద్ద గూడైనను ఇఱుకగును. ఏది ఆడో, ఏది మగో సంతలోని వాని మాట నమ్మక, పశువైద్యునిచే తెలిసికొనుడు. చెన్నపట్నమున వేపేరిలో 1903లో స్థాపింపబడిన పశువైద్య కళాశాల మనకు దూరము కాదు.

ఈ పనిని వడ్రంగికి పూర్తిగా అప్పగింపక, పిల్లలను తోడు పెట్టుకొనుడని మా మనవి. కోత పెద్దలది, కొలత పిల్లలది. మా గూడు కట్టునపుడు రంపము, ఉలి, చిత్రిక, మేకు, గొళ్ళెము అను మాటలను తమిళముననో, ఆంగ్లముననో మాత్రమే యెఱిగిన పిల్లలు వానిని తెలుగున పలుకుట నేర్చిరి. పుస్తకమున చదివిన మాట మఱపునకు వచ్చునేమో గాని, చేతితో పట్టుకొన్న మాట మఱపునకు రాదు.

గూడు పూర్తియైన నాడు ఆ మిగిలిన గినీపందిని అందులో విడిచితిమి. కొంతసేపు మూలలో నక్కి, పిమ్మట ఈ కొననుండి ఆ కొనకు పరుగెత్తినది. దానికి పరుగు వచ్చునని మాకు అంతవఱకు తెలియదు. జంతువును కొనుటకు ముందే గూడు కట్టుడు. అందుకు చోటు లేనియెడల కొనకుండుటయే దయ యని పిల్లలకు చెప్పుడు. అదియు మంచి పాఠమే.