ఒరుగు, సాసేజి: బళ్లారి ఎండ

బళ్లారి సరిహద్దు సీమలో మాంసమును సన్నని తునకలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, ఎండబెట్టి ఒరుగులు చేయుదురు. గొర్రె ప్రేగులను బోటికూరగా వండుదురు. ఐరోపావారు మాంసమును ప్రేగులోనే కూరి సాసేజి చేసిరి. ప్రేగును కడిగి, లోజిగురును, కండపొరను గీకివేయగా మిగిలిన పలుచని పొరయే తిత్తి. దానిని ఉప్పులో నిలువయుంచి, నీట నానవేసి, కైమా కూరుదురు.

తునకలోని తేమ ఎండకు త్వరగా ఆరిపోవును. తిత్తిలోని తేమ నిలిచియుండును. లోపలికి గాలి చొరదు. 1820లో జర్మన్ వైద్యుడు యూస్టినుస్ కెర్నర్ వర్ణించిన సాసేజి విషమునకు ఇట్టి స్థితియే మూలము. బోటులిజము అను పేరు సాసేజికిగల లాటిను పదమునుండియే పుట్టినది.

కావున ఒరుగును కాపాడు ఎండయే సాసేజికి శత్రువు. ఇంట చేసినదానిని ఎండగట్టక, ఆనాడే లోపలివరకు ఉడికించి తినుట క్షేమము.