మన గ్రౌండుకు ఏ గడ్డి మేలు?

టీవీలో హాకీ మ్యాచ్ చూసి "మనకూ అలాంటి గ్రౌండుంటే!" అని అందరం అనుకున్నాం. అంత నున్నగా ఉన్నది గడ్డి కాదు, ప్లాస్టిక్. అమెరికాలోని హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ స్టేడియంలో కప్పు కింద ఎండ చాలక గడ్డి చచ్చిపోతే, 1966లో దీన్ని పరిచారు. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్స్ హాకీ దీనిమీదే. పచ్చికకు అలవాటుపడిన మన జట్టు ఆ ఏడాది 7వ స్థానంలో నిలిచింది.

దీనిమీద బంతి సమంగా దొర్లుతుంది, వానకు బురద కాదు. కానీ ఎండకు కాలిపోతుంది. అసలు గడ్డి ఆకుల్లోంచి నీరు ఆవిరై చల్లగా ఉంటుంది, ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు. వట్టి కాళ్లతో కబడ్డీ ఆడే మనం దానిమీద ఎలా నిలబడతాం? జారితే చర్మం కూడా ఒరుసుకుపోతుంది. కొన్నేళ్లకు అరిగిపోతే మళ్లీ కొనాలి.

మన పొలం గట్ల మీది గరికనే పెద్ద పెద్ద ఆటస్థలాల్లోనూ పెంచుతారు. తొక్కినా కణుపు కణుపుకూ వేళ్లేసి మళ్లీ పాకుతుంది. అయితే వేళ్లు పట్టేదాకా తొక్కకూడదు. కాబట్టి తొలకరికి సగం గ్రౌండులో నాటి, మిగతా సగంలో ఆడుకుందాం. నా మోకాళ్ల మీద మచ్చలన్నీ మన గ్రౌండు రాళ్లవే. వార్డెన్ గారు ఒప్పుకుంటే మొదటి గడ్డపార నేనే పడతాను. మీరూ వస్తారు కదూ?