బోరింగు ఎందుకు సన్నగా పోస్తుంది?

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలు ఉన్నాయి. నల్లా రాని రోజు మాత్రం బోరింగే దిక్కు.

ఎండకాలం బోరింగు సన్నగా పోస్తే "ఊట ఎండింది" అంటారు. అన్నిసార్లూ ఊట ఎండదు. బోరింగు లోపల, నీళ్లలో మునిగి ఒక సిలిండర్ ఉంటుంది. అందులోని వాషర్లు నీళ్లను పైకి లేపుతాయి. కొట్టీ కొట్టీ అవి అరుగుతాయి. నీళ్లు పక్కల నుంచి కిందికే జారుతాయి.

మంచిగున్న ఇండియా మార్క్-2 బోరింగు 40 సార్లు కొడితే సుమారు 12 లీటర్లు పోస్తుంది. బిందె పెట్టి లెక్క చూడాలి. హ్యాండిల్ తేలికై చుక్క కూడా రాకుంటే, లోపలి రాడ్ ఊడి ఉండవచ్చు.

మార్క్-2లో వాషర్లు మార్చాలంటే పైపులన్నీ పైకి గుంజాలి. అది ఒక్కరి పని కాదు. మార్క్-3లో రాడ్లు గుంజితే చాలు.

"బోరింగు చెడింది" అంటే మెకానిక్‌కు ఏమీ తెలియదు. ఎన్నిసార్లు కొడితే ఎన్ని నీళ్లు వస్తున్నాయో చెప్పాలి. అప్పుడు వాషర్లు వెంట తెచ్చుకుంటాడు.